కుక్కబిస్కట్టు కథ, మా బుజ్జిగాడి గిన్నె

మా ఇంట్లో మూడు కేజీల పొమేరియన్ ఒకటుంది. పేరు బుజ్జిగాడు. మొన్నామధ్య వాడికి తిండి కొందామని షాపుకెళితే ఒకే కంపెనీవి రెండు సంచులు పక్కపక్కన కనిపించాయి. ఒకటి పెద్ద కుక్కలకి, రెండోది "టాయ్ బ్రీడ్" కుక్కలకి. రెండోదాని ధర కేజీకి చాలా ఎక్కువ. "గింజ సైజు తగ్గించి రేటు పెంచారు, అంతేగదండీ?" అంది మా ఆవిడ. అవుననలేకపోయా, కాదనీ అనలేకపోయా. ఎవరో రాసిన కోడ్ ఎందుకలా ఉందో తెలుసుకోవాలంటే పాత చెకిన్లన్నీ తిరగెయ్యడం నాకు అలవాటు. ఈ సంచి విషయంలోనూ అదే చేశా.

ఇంకో కారణం కూడా ఉంది. 1992లో, తెనాలిలో ఉండగా, నాన్న ఒక తెల్ల పొమేరియన్ని తెచ్చారు. టామీ. (మన ఊళ్ళల్లో పొమేరియన్ అని పిలిచేవాటిలో ఎక్కువ భాగం నిజానికి ఇండియన్ స్పిట్జ్‌లు. "హమ్ ఆప్‌కే హై కౌన్" సినిమాలో క్రికెట్ అంపైరింగ్ చేసిన టఫీ కూడా ఇండియన్ స్పిట్జే.) టామీకి పొద్దున పాలు-బ్రెడ్డు, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రికి మిగిలిందేదో అది. ఆరేళ్ళు బానే ఉంది. ఓ కనుమ నాడు మాంసం కోయించుకొచ్చాక తీసేసిన కొవ్వంతా మా నాయనమ్మ ప్రేమగా దాని గిన్నెలో వేసింది. సాయంత్రానికి వాంతులు. నడుం పైకెత్తి, ముందుకాళ్ళు చాపి, వంగి నించునేది. మూడో రోజు పోయింది. అది పాంక్రియాటైటిస్ లక్షణమని నాకు తెలిసింది పాతికేళ్ళ తరవాత, బుజ్జిగాడిని చూపించిన డాక్టరుగారి దగ్గర. విచిత్రమేంటంటే "కుక్క కడుపులో నెయ్యి ఇమడదు" అనే సామెత మా నాయనమ్మ నోట్లో ఎప్పుడూ ఆడుతూ ఉండేది. ఎవరినో దెప్పడానికి వాడేది గానీ, కుక్క విషయంలో ఎవరికీ గుర్తు రాలేదు.

సరే, అసలు విషయానికొద్దాం.

కుక్కకి ఏం పెట్టాలి అన్నది చాలా పాత ప్రశ్న. క్రీ.శ. మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత కాలుమెల్లా వ్యవసాయం మీద రాసిన పుస్తకంలో కాపలా కుక్కలకి బార్లీ పిండిని పాలవిరుగుడు తేటలో కలిపి పెట్టమన్నాడు. అది దొరక్కపోతే గోధుమరొట్టెని చిక్కుళ్ళు ఉడికించిన నీళ్ళలో కలిపి పెట్టమన్నాడు. అంటే మన పెరుగన్నం, పప్పుకట్టు అన్నంలాంటివే. మనవైపు కూడా కళ్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన "మానసోల్లాసం"లో రాజుల వినోదాల మధ్య "సారమేయ వినోదం" అని కుక్కలకి ఒక అధ్యాయమే ఉంది. అయితే ఇవన్నీ పని చేసే కుక్కల కథలు. వేటాడాలి, కాపలా కాయాలి, కూలీగా తిండి తినాలి. ఒళ్ళో కూర్చోడమే ఉద్యోగమైన బుల్లికుక్కల కథ వేరే.

ఆ కథలో నాకు బాగా నచ్చిన పాత్ర ఒక పెకినీస్. 1860 అక్టోబరులో బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాలు బీజింగ్ దగ్గర చైనా చక్రవర్తి వేసవి రాజభవనాన్ని దోచుకున్నప్పుడు అక్కడ ఐదు బుల్లికుక్కలు దొరికాయి. కెప్టెన్ డన్ అనే అధికారి వాటిలో ఒకదాన్ని తీసుకెళ్ళి 1861లో విక్టోరియా రాణికి కానుకిచ్చాడు. దానికి పెట్టిన పేరు "లూటీ". మన హిందీ "లూట్" అక్కణ్ణించే ఇంగ్లీషులోకెళ్ళి, అక్కణ్ణించి ఈ కుక్క మెడకి చుట్టుకుంది! సిగ్గూ ఎగ్గూ లేకుండా అంత నిజాయితీగా పేరు పెట్టడం సామ్రాజ్యాలకే చెల్లింది. ఆ లూటీ గురించి రాజభవనానికి అందిన సూచనల్లో తిండి విషయం కూడా ఉంది. రొట్టె, పాలు పెడితే సాధారణంగా ముట్టదు. ఉడికించిన అన్నంలో కొంచెం కోడిమాంసం, దాని రసం కలిపితే తింటుంది. ఇప్పుడు కుక్కకి కడుపులో బాగోకపోతే డాక్టర్లు చెప్పేది కూడా అదే కదా, చికెన్ రైస్. మసాలా వెయ్యొద్దంటారు, అంతే తేడా.

సరిగ్గా ఆ రోజుల్లోనే లండన్లో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ ఉండేవాడు. పిడుగు పడకుండా ఇళ్ళకి బిగించే లోహపు కడ్డీలు అమ్ముకోవడం అతని వ్యాపారం. ఓడరేవులో నావికులు పారేసిన గట్టి బిస్కట్లని కుక్కలు ఎగబడి తినడం చూశాడనీ, అక్కడ బుర్రలో బల్బు వెలిగిందనీ కథ చెబుతారు. కథ సంగతెలా ఉన్నా, 1860 ప్రాంతంలో అతను మొదలుపెట్టింది మాత్రం నిజం. గోధుమ పిండి, కూరగాయలు, బీట్‌రూట్, ఎండబెట్టిన మాంసం కలిపి బిళ్ళలుగా చేసి "మీట్ ఫైబ్రిన్ డాగ్ కేక్స్" అని అమ్మాడు. ఆ మాంసం ఎక్కడిదో, అందులో ఏ భాగమో బయటికి చెప్పేవాడు కాదు. అంటే "ప్రొప్రయిటరీ ఫార్ములా" అనే మాట కుక్కతిండితో పాటే పుట్టిందన్నమాట :)

కొన్నది ఎవరు? మామూలు జనం కాదు. వాళ్ళ కుక్కలు వీధిలో దొరికింది తినేవి. వేటకుక్కలున్న జమీందార్లు, కొత్తగా డబ్బొచ్చిన మధ్యతరగతి వాళ్ళు. వాళ్ళకి కుక్క హోదా. హోదాకి తగ్గ తిండి సంచిలోనే రావాలి.

ఇక్కడే అసలు మలుపు ఉంది. స్ప్రాట్ దగ్గర కుర్రాడిగా చేరి ఎదిగిన సేల్స్‌మాన్ ఒకాయన ఉన్నాడు. చార్లెస్ క్రఫ్ట్. డాగ్ షోలు చూసేవాళ్ళకి "క్రఫ్ట్స్" పేరు చెప్పక్కర్లేదు. ఆ క్రఫ్టే. కుక్కబిస్కట్లు అమ్ముకుంటూ ఊరూరూ తిరిగి కుక్కల ఆసాములందరితో పరిచయాలు పెంచుకున్నాడు. 1878 పారిస్ ఎగ్జిబిషన్లో కుక్కల విభాగం ఏర్పాట్లు చూశాడు. 1886లో లండన్లో టెర్రియర్ల ప్రదర్శన పెట్టాడు. 1891లో తన పేరు మీదే పెద్ద డాగ్ షో పెట్టాడు. దానికి సాక్షాత్తూ విక్టోరియా రాణి తన పొమేరియన్లని పంపింది. 1888లో ఇటలీ వెళ్ళినప్పుడు ఫ్లారెన్సులో ఆవిడ మనసు దోచిన మార్కో అనే పొమేరియన్ బరువు సుమారు 12 పౌండ్లు, అంటే ఐదున్నర కేజీలు. అప్పటిదాకా ఇంగ్లండులో పొమేరియన్ అంటే అంతకంటే చాలా పెద్ద కుక్క. రాణిగారు చిన్నది ముద్దన్నారు, జనమూ చిన్నదే కావాలన్నారు. జడ్జీలు చిన్నవాటికి మార్కులేశారు, పెంచేవాళ్ళు చిన్నవాటినే జతకట్టించారు. ఇవాళ అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రమాణం మూడు నుంచి ఏడు పౌండ్లు. గట్టిగా మూడు కేజీలు.

నాకు అర్థమైనంతలో ఇది ఒకే ముడి. తిండి అమ్మినవాడు షోలు పెట్టాడు. షోల వల్ల కుక్కలు కుంచించుకుపోయాయి. కుంచించుకుపోయిన కుక్కలకి ఇప్పుడు ప్రత్యేకమైన తిండి కావాలంటున్నారు. మన ఇండస్ట్రీలో సమస్యని సృష్టించి దానికి ప్యాచ్ అమ్మడం లాంటిదే, కానీ దీన్ని ఎవరూ ప్లాన్ చేసి చెయ్యలేదు. అందుకే ఎవరినీ తిట్టలేం.

ఇక ఒళ్ళు తగ్గితే ఏమవుతుందో లెక్కలో చూద్దాం. 1932లో మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త (స్విట్జర్లాండు వాడు, కాలిఫోర్నియాలో పనిచేశాడు) జంతువులు ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే శక్తి బరువుతో పాటు సమానంగా పెరగదనీ, బరువుకి ముప్పాతిక ఘాతంగా పెరుగుతుందనీ చూపించాడు. పశువైద్యులు ఇప్పటికీ వాడే సూత్రం అదే. కేజీల బరువుని 0.75 ఘాతానికి పెంచి 70తో గుణించాలి. బుజ్జిగాడు మూడు కేజీలు కాబట్టి సుమారు 160 కెలోరీలు. 30 కేజీల లాబ్రడార్ అయితే సుమారు 900. బరువు పది రెట్లు, అవసరం ఐదున్నర రెట్లే! తిరగేసి చూస్తే, కేజీ ఒంటికి బుజ్జిగాడికి 53 కావాలి, లాబ్రడార్‌కి 30 చాలు. ఆపరేషన్ అయిన, మామూలుగా తిరిగే పెద్ద కుక్కకి దీన్ని సుమారు 1.6తో హెచ్చవేస్తారు. అంటే మావాడికి రోజుకి 255 దాకా.

ఈ 255 నుంచే బుల్లికుక్కల కష్టాలన్నీ మొదలవుతాయి. చిన్న ఇంజను, ఎక్కువ మంట, చిన్న ట్యాంకు. పిల్లగా ఉన్నప్పుడు కాలేయంలో దాచుకునే గ్లూకోజు కొంచెమే కాబట్టి కొన్ని గంటలు తిండి లేకపోతే తూలి పడిపోతాయి. అందుకే మూడు నెల్ల పిల్లకి రోజుకి మూడు నాలుగుసార్లు పెట్టమంటారు. రెండోవైపు పెద్దయ్యాక అతి తేలిగ్గా లావెక్కుతాయి. మారీ బిస్కట్టు ఒకటి సుమారు 25 కెలోరీలు. టీ తాగుతూ మనం మూడు ముక్కలు విసిరామంటే వాడి రోజువారీ కోటాలో 30 శాతం అయిపోయింది. మనకి అది రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నాక అసలు భోజనానికి కూర్చున్నట్టు. పళ్ళ సంగతి సరేసరి. తోడేలుకీ 42 పళ్ళే, బుజ్జిగాడికీ 42 పళ్ళే. అగ్గిపెట్టెంత దవడలో అన్నీ ఇరుక్కుని గార పట్టి చిగుళ్ళు చెడతాయి. గట్టి గింజలు నమిలితే పళ్ళు శుభ్రమవుతాయని నేనూ నమ్మా. మామూలు గింజల వల్ల పెద్దగా ఏమీ కాదు, బ్రష్ చెయ్యాల్సిందే.

మళ్ళీ చరిత్రలోకి. మొదటి ప్రపంచయుద్ధం తరవాత అమెరికాలో కార్లు, ట్రాక్టర్లు వచ్చి గుర్రాలకి పని లేకుండా పోయింది. 1922లో ఇల్లినాయ్‌లోని రాక్‌ఫర్డ్‌లో ఛాపెల్ సోదరులు ఆ గుర్రపు మాంసాన్ని డబ్బాల్లో పెట్టి "కెన్-ఎల్ రేషన్" పేరుతో కుక్కలకి అమ్మారు. డబ్బాతిండి అలా మార్కెట్‌ని ఏలింది. రెండో ప్రపంచయుద్ధంలో తగరానికి రేషన్ పెట్టి కుక్కతిండికి డబ్బాలు లేవు పొమ్మన్నారు. దాంతో కంపెనీలు మళ్ళీ ఎండు తిండి మీద పడ్డాయి. అంటే ఇవాళ మనం సంచిలో కొనే గింజల వెనక పోషకాహార శాస్త్రం కంటే ముందు తగరం కొరత ఉందన్నమాట. 1957లో ప్యూరినా కంపెనీ బ్రేక్‌ఫాస్ట్ సీరియల్స్ చేసే ఎక్స్‌ట్రూడర్‌తో కుక్కగింజలు చేసింది. పిండిని ఆవిరితో, ఒత్తిడితో ఉడికించి చిన్న రంధ్రంలోంచి తోస్తే బయటికి రాగానే పొంగుతుంది. మన కుర్‌కురేల టెక్నాలజీయే. పైన రుచికి కొవ్వు చిలకరిస్తారు. 1960ల్లో అక్కడి కంపెనీల సంఘం ఇంట్లో మిగిలిన తిండి కుక్కలకి పెట్టడం తప్పు అని గట్టిగా ప్రచారం చేసింది. మా నాయనమ్మ లాంటి వాళ్ళంతా ఒక్కసారిగా దోషులైపోయారు.

అన్నీ వ్యాపారమే అనుకోకండి. 1939లో న్యూజెర్సీలో మార్క్ మారిస్ అనే పశువైద్యుడి దగ్గరికి ఒక అంధుడు తన దారిచూపే కుక్క బడ్డీని తీసుకొచ్చాడు. కిడ్నీలు పాడయ్యాయి. మారిస్ ప్రొటీన్, ఉప్పు తగ్గించిన తిండి తయారుచేశాడు. భార్యాభర్తలిద్దరూ వంటింట్లో వండి గాజుసీసాల్లో నింపి పంపేవాళ్ళట. 1948లో కాన్సస్‌లోని హిల్ కంపెనీ దాన్ని డబ్బాల్లో చెయ్యడం మొదలుపెట్టింది. రోగాన్ని బట్టి తిండి అనే ఆలోచన అలా మొదలైంది. టామీ బతికుంటే తక్కువ కొవ్వు తిండి రాసిచ్చి ఉండేవారేమో.

ఇప్పుడు సంచి వెనక ఉండే "ప్రొటీన్ ఇంత శాతం" సంగతి. దీని మీద మాత్రం నాకు కొంచెం కోపం ఉంది. ఆ అంకె ప్రొటీన్‌ని కొలిచి వేసింది కాదు. 1883లో కోపెన్‌హాగన్లోని కార్ల్స్‌బర్గ్ లాబొరేటరీలో యోహాన్ కెల్డాల్ బీరు కోసం వాడే ధాన్యాన్ని పరీక్షించడానికి ఒక పద్ధతి కనిపెట్టాడు. అది కొలిచేది నైట్రోజన్‌ని. దాన్ని 6.25తో హెచ్చవేసి ప్రొటీన్ అంటారు. అందుకే సంచి మీద "క్రూడ్ ప్రొటీన్" అని ఉంటుంది. చెప్పులతోలులో నైట్రోజన్ ఉన్నా ఆ అంకెలో కలుస్తుంది. కుక్కకి అరుగుతుందా లేదా అన్నది దానికి తెలీదు. కవరేజి 90 శాతం ఉంది కాబట్టి కోడ్ బావుందని మేనేజరు అన్నట్టే.

ఈ లొసుగుని ఎవరో ఒకరు వాడుకోక మానరు కదా. 2007 మార్చిలో మెనూ ఫుడ్స్ అనే కంపెనీ దాదాపు ఆరుకోట్ల డబ్బాలు, పౌచ్‌లు వెనక్కి తీసుకుంది. దాదాపు వంద బ్రాండ్లు. పేర్లు వేరు, ధరలు వేరు, వండే వంటిల్లు మాత్రం ఒకటేనని జనానికి అప్పుడే తెలిసింది. ఉత్తర అమెరికాలో కుక్కలు, పిల్లులు కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమిన్ కలిపారు. ప్లాస్టిక్కుల్లో వాడే పదార్థం. దాని బరువులో మూడింట రెండొంతులు నైట్రోజనే! చెంచాడు కలిపితే పరీక్షలో ప్రొటీన్ అమాంతం పెరుగుతుంది. దాంతో పాటే ఉన్న సయన్యూరిక్ ఆసిడ్‌తో కలిసి అది కిడ్నీల్లో స్ఫటికాలుగా గడ్డకట్టింది. మరుసటి ఏడు, 2008లో, అదే మెలమిన్ చైనాలో పసిపిల్లల పాలపొడిలో తేలింది. దాదాపు మూడు లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. కుక్కల చావుల్లో ఉన్న హెచ్చరికని ముందే సరిగ్గా చదివి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ భయంతో చాలామంది ఇంటివంటకి, గ్రెయిన్-ఫ్రీకి మళ్ళారు. కుక్క తోడేలే కాబట్టి ధాన్యం పడదు అనేది గ్రెయిన్-ఫ్రీ వాదన. కానీ 2013లో "నేచర్"లో వచ్చిన స్వీడన్ పరిశోధకుల పేపర్ ప్రకారం, పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు నకళ్ళు తోడేళ్ళకంటే కుక్కల్లో చాలా ఎక్కువ. మనిషి పక్కన చేరి మెతుకులు తిని తిని జన్యువే మారింది. 2018లో అమెరికా ఎఫ్‌డీఏ, బఠాణీలు, పప్పులు ఎక్కువగా ఉన్న గ్రెయిన్-ఫ్రీ తిండ్లకీ కుక్కల గుండెజబ్బుకీ సంబంధం ఉందేమోనని హెచ్చరించింది. సంబంధం ఇంకా తేలలేదు. తేలేదాకా నేనైతే దూరంగానే ఉంటా. కాబట్టి నాయనమ్మ అన్నం విషం కాదు. అన్నంలో కాల్షియం, ప్రొటీన్, జింకు చాలవు, అదీ సమస్య. ఉత్త చికెన్ పెట్టినా అంతే. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ, ఆ లోటుని ఒళ్ళు ఎముకల్లోంచి లాక్కుంటుంది. 2013లోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ వాళ్ళు పుస్తకాల్లోంచి, ఇంటర్నెట్లోంచి 200 ఇంటివంటల రెసిపీలు లెక్కగడితే 95 శాతంలో కనీసం ఒక ముఖ్య పోషకం తక్కువగా ఉంది. పెద్ద కుక్క తన వాటా వంద రకాలుగా పూడ్చుకుంటుంది. మూడు కేజీలవాడు తినేదే గుప్పెడు.

ఇంతకీ మా ఆవిడ ప్రశ్న. అమెరికాలో పశువుల, పెంపుడు జంతువుల తిండికి ప్రమాణాలు రాసే ఆఫ్కో (1909 నుంచీ ఉంది) కుక్కలకి ప్రధానంగా రెండే పట్టికలిచ్చింది. ఎదిగే పిల్లలకి, పాలిచ్చే తల్లులకి ఒకటి, పెద్దవాటికి ఒకటి. తేమ తీసేశాక పిల్లలకి ప్రొటీన్ కనీసం 22.5 శాతం, పెద్దవాటికి 18. "టాయ్ బ్రీడ్" అని వేరే పట్టికే లేదు! ఆ మాట అర్థం కంపెనీ ఇష్టం. గింజ చిన్నది, కెలోరీలు కొంచెం చిక్కన, అంతవరకు నిజం, చిన్న నోటికి అది పనికొచ్చేదే. సంచి ముందున్న పెద్దక్షరాలకి నిర్వచనం లేదు, వెనకున్న చిన్నక్షరాలకి ఉంది. "కంప్లీట్ అండ్ బాలెన్స్‌డ్" అని ఏ వయసుకి రాశారో చూడాలి. కాగితం మీద లెక్కేశారా, కుక్కలకి పెట్టి చూశారా అన్నది కూడా. పెట్టి చూడటం అంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. పెద్ద కుక్కల పరీక్షకి ఎనిమిది కుక్కలు, 26 వారాలు. ఆరు చివరిదాకా నిలబడితే చాలు.

తేమ సంగతి మర్చిపోవద్దు. తేమ 78 శాతం ఉన్న డబ్బాలో ప్రొటీన్ 8 అని ఉంటే, నీళ్ళు తీసేశాక అది 36. తేమ 10 ఉన్న గింజల్లో 24 అంటే 27 కిందే లెక్క. చిన్నగా కనిపించిన అంకె పెద్దదన్నమాట.

చివరికి చిన్న గింజల సంచే కొన్నాం. కేజీదే, పెద్ద సంచి తెరిచి మూడు నెలలు పెడితే కొవ్వు మెక్కుతుంది. రోజుకి 60 గ్రాములు, వంటింటి తూకం మీద తూచి, మూడు పూటలకి. మిగతా కోటాలో ఒక చెంచా పెరుగన్నం మా అమ్మ వాటా. ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్, జైలిటాల్ ఉన్న చూయింగ్ గమ్ వాడికి విషమని ఫ్రిజ్ మీద రాసి అంటించా. కనుమ నాడు మాంసం నేనే కోయించుకొచ్చా. కొవ్వు ముక్కలు తీసి, మూటకట్టి, వాడికి అందకుండా గేటు అవతల పారేసి వచ్చేదాకా అమ్మ నా వంకే చూస్తూ ఉంది. ఏమీ అనలేదు.